పెరట్లో ఒక దోనె పూర్తయింది, రెండోది మొదలుపెట్టనా?

కావలి దగ్గరి ఒక ఊరి నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. రాసినాయన పేరు వద్దన్నారు. వయసు నలభై ఏడు, సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్. భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడతారు. ఒక్కతే కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం. తల్లి, తమ్ముడి కుటుంబం అదే ఆవరణలో పక్క పోర్షన్‌లో ఉంటారు. వెనక పెద్ద పెరడు ఉంది. తండ్రి పోయాక దాన్ని ఇంకా పంచుకోలేదు, ఎవరిది ఎక్కడిదాకా అన్నది నోటిమాటే.

మూడేళ్ళ కిందట నైట్ డ్యూటీలో ఫోన్ చూస్తుండగా ఈయనకు ఒక పిచ్చి పట్టింది. పిచ్చి అన్న మాట ఆయనదే. ఇంటి దగ్గరే, తీరిక వేళల్లో, ప్లైవుడ్‌తో తెరచాప కాటమరాన్, అంటే రెండు సన్నటి దోనెలను దూలాలతో జోడించిన పడవ, కట్టుకోవాలని. బ్రిటన్‌కు చెందిన జేమ్స్ వారమ్ 1950లలో ఇరవై మూడున్నర అడుగుల జంట దోనెల పడవను సొంతంగా కట్టుకుని అట్లాంటిక్ దాటాడు. ఇంట్లో కట్టుకునేవాళ్ళ కోసం తర్వాత ఎన్నో నమూనాలు గీశాడు. వాటిలో ఇరవైయొక్క అడుగుల ‘టికి 21’ ప్లాన్లు ఈయన డబ్బు కట్టి తెప్పించుకున్నారు. పెరట్లో గుంజలు పాతి, కొబ్బరి మట్టలు కప్పి, షెడ్ వేసుకుని పని మొదలెట్టారు. ఒక దోనె పూర్తయింది. రెండోదానికి ప్లైవుడ్ కూడా తెచ్చి పెట్టుకున్నారు.

ఇక కష్టాలు. “ఆదివారం ఒక్కరోజైనా ఇంట్లో ఉంటారనుకుంటే ఆ షెడ్‌లోనే ఉంటారు”, “ఆ కంపుకి తలనొప్పి, బ్లౌజులకు కూడా వాసన పట్టిందని కుట్టించుకున్నవాళ్ళు అంటున్నారు”, “ఆ చెక్కకు పెట్టిన డబ్బుతో పైన గది పడేది.” ఇవి భార్య మాటలు. “చేపలోళ్ళ పని మనకెందుకురా” అన్నది తల్లి మాట. తమ్ముడేమో “సంక్రాంతి వెళ్ళాక పునాదులు తీస్తానన్నా, ఈలోగా షెడ్ తీసెయ్యి” అన్నాడు. రెండో దోనె కూడా అప్పటికి చేసేస్తానని ఈయన తమ్ముడికి మాట ఇచ్చేశారు. మూడో పేజీ మధ్యలో, పెద్ద విషయం కాదన్నట్టు, ఇంకొకటి రాశారు. ఇంట్లో ఖర్చు 80 వేలని చెప్పారట, నిజానికి 2 లక్షల 60 వేలు దాటింది. అందులో లక్షన్నర చీటీ పాడి తెచ్చింది. ఇంకా పధ్నాలుగు నెలలు కట్టాలి. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

చివరికి ఆయన అడిగింది ఇది: “రెండో దోనె మొదలుపెట్టనా, ఇంతటితో ఆపెయ్యనా? ఒక్క మాటలో చెప్పండి.”

ఒక్క మాటలో చెప్పలేనండీ. ఆపెయ్యమంటే మీరు ఆపరు, మొదలుపెట్టమంటే ఆ మాట తీసుకెళ్ళి ఇంట్లో చూపిస్తారు. నాలుగు పేజీలు చదివాక నాకు తోచింది చెబుతాను. మీరు అడిగిన ప్రశ్నకు ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి తేలితే రెండో దోనె సంగతి చాలావరకు దానంతటదే తేలుతుంది.

ముందు మీ తమ్ముడి విషయం చూద్దాం, గడువున్నది దానికే కాబట్టి. ఆయన మాటలో నాకు తప్పు కనబడలేదు. ఇల్లు కట్టుకోవాలి, స్థలం ఉమ్మడిది, నాలుగు నెలల ముందే చెప్పాడు. ఆ షెడ్ మీ కంటికి పడవ కోసం వేసుకున్న నీడ. పంచుకోని స్థలంలో మూడేళ్ళుగా పాతి ఉన్న గుంజలు ఆయన కంటికి, అంతకంటే ఎక్కువగా మీ మరదలి కంటికి, అన్న ముందే వేసుకున్న హద్దు. “అది నా వాటాలోనే ఉంది” అని మీరు రెండు చోట్ల రాశారు. వాటాలే పడలేదు కదా! పంపకం కావాలంటే అది వేరే రోజు పెట్టుకోవాల్సిన పని. సర్వేయర్‌ను పిలిపించి కొలిపించుకోవాలి, అమ్మను కూర్చోబెట్టుకుని మాట్లాడుకోవాలి, రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. పడవను అడ్డం పెట్టుకుని ఆ మాట ఎత్తితే, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నట్టే.

పైగా మీరిచ్చిన మాట నిలబడేది కాదు. చవితి వెళ్ళింది, సంక్రాంతికి నాలుగు నెలలు. మన నెల్లూరు వైపు అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అని మీకు నేను చెప్పక్కర్లేదు. కొబ్బరి మట్టల కింద, గాలి నిండా తేమ ఉన్న రోజుల్లో రెజిన్ పని, అంటే చెక్క మీద పూస్తే గట్టిపడే జిగురు పని, సవ్యంగా జరగదు. ఎపాక్సీ అనే రకం రెజిన్ పైన సన్నటి జిడ్డు పొర కడుతుంది, దాన్ని కడిగి రుద్దకుండా వేసిన తర్వాతి పూత పట్టదు. తడి ఎక్కిన చెక్క మీద పూస్తే ఆ తడి లోపలే ఉండిపోయి చెక్కను కుళ్ళబెడుతుంది. మొదటి దోనెకు రెండేళ్ళకు పైగా పట్టింది. చేతికి పని వచ్చింది కాబట్టి రెండోది అంతకంటే త్వరగానే అవుతుంది, కాదనను. అయినా షిఫ్టులు, వానలు పోను మీకు మిగిలేవి కొన్ని ఆదివారాలే, ఆ ఆదివారాలనే మీ ఆవిడ కూడా అడుగుతున్నారు. కాబట్టి మిగతా సంగతి ఎలా ఉన్నా, సంక్రాంతికి రెండో దోనె అవదనీ, షెడ్ మాత్రం ఖాళీ చేస్తాననీ తమ్ముడికి ఈ వారంలోనే చెప్పడం మేలు. ఒక మాట వెనక్కి తీసుకుంటున్నారు, ఇంకో మాట ఇస్తున్నారు, ఆయనకు కావాల్సింది ఆ రెండోదే.

ఎలాగూ తియ్యాల్సిన దోనెను వానలకు ముందే తియ్యొచ్చు. 1989 నవంబరు తుఫాను మన కావలి దగ్గరే తీరం దాటింది, మీ వయసుకు అది గుర్తుండే ఉంటుంది. అంత రాకపోయినా, మామూలు వాయుగుండం గాలి చాలు, ఖాళీ దోనె పక్కింటి గోడ మీద పడడానికి. ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది తర్వాత చెబుతాను. అసలు అది పెరట్లోంచి బయటికి వస్తుందా? ప్లాను చూసి గేటు కొలిచానన్నారు. గేటు దాటాక మీ సందులో మలుపు ఉందని కూడా మీరే రాశారు. ఇరవైరెండు అడుగుల వెదురు గడ ఒకటి సంపాదించి, దాని మధ్యలో దోనె వెడల్పంత కర్ర అడ్డంగా కట్టి, ఇద్దరు చెరో చివర పట్టుకుని నడుం ఎత్తున మలుపు తిప్పి చూడండి. కరెంటు స్తంభమూ పక్కవాళ్ళ అరుగూ అక్కడే బయటపడతాయి. మీ నమూనాలో దూలాలను దోనెలకు తాళ్ళతో బిగిస్తారు కాబట్టి విడివిడిగా మోసుకెళ్ళి ఒడ్డున కట్టుకోవచ్చు, అది మీ అదృష్టం. మొత్తం పడవను పెరట్లోనే బిగించేసి, ఆనక ప్రహరీ పగలగొట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు.

ఇప్పుడు ఆ పూర్తయిన దోనె సంగతి. ఉత్తరమంతా వెతికాను. రెజిన్ అని ఉంది, ఫైబర్ మ్యాట్ (రెజిన్‌తో అతికించే గాజు పీచు పట్టా) అని ఉంది, ఎపాక్సీ అన్న మాట ఎక్కడా లేదు. దానికి తోడు మీ ఆవిడ వాసన అంటున్నారు. ఎపాక్సీకి ఇల్లంతా పట్టేసేంత వాసన ఉండదు. గుడ్డలకు పట్టి వదలని ఆ ఘాటు పాలియెస్టర్ రెజిన్‌ది, అందులోని స్టైరీన్ అనే రసాయనానిది. ఫైబర్ పడవలు చేసేవాళ్ళ దగ్గర కొని ఉంటారని నా అనుమానం. తేల్చుకోవడం సులువు. రెజిన్‌ను గట్టిపరిచే హార్డనర్‌ను నూటికి ఒకటో రెండో పాళ్ళ లెక్కన, చుక్కలుగా వేశారా? అయితే అది పాలియెస్టరే. రెండు పాళ్ళకు ఒక పాలు, మూడింటికి ఒకటి, అలా పెద్ద కొలతతో కలిపి ఉంటే ఎపాక్సీ.

పాలియెస్టర్ అయితే ఏమిటట, మత్స్యకారుల ఫైబర్ పడవలన్నీ దాంతో చేసినవేగా అంటారు. నిజమే. వాటిలో పడవ మొత్తం ఫైబరే, అచ్చులో పోసి తీస్తారు. మీది చెక్క, పైన తొడుగు. తడికి, ఎండకు చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. పాలియెస్టర్ చెక్కను గట్టిగా పట్టుకోదు, పెళుసు కూడా. ఏదో ఒక చోట సన్నగా విడుతుంది, ఆ సందులోంచి నీళ్ళు ప్లైవుడ్‌లోకి చేరతాయి, పైకి మాత్రం రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఎండాకాలం ఒకటి, వానాకాలం ఒకటి గడిచాయి కాబట్టి మీ దోనె ఇప్పటికే ఎంతో కొంత చెప్పగలదు. పైఅంచు దగ్గర, తర్వాత సరిచేసుకోగలిగిన చోట, వేలెడంత మేర ఉలి దూర్చి మ్యాట్‌ను పైకి లేపండి. దానికి చెక్క పీచు అంటుకుని చిరుగుతూ వస్తే పట్టు బాగున్నట్టే. ప్లాస్టిక్ కవరులా నున్నగా, చెక్క ఏమీ అంటకుండా వస్తే పట్టు లేనట్టు. అడుగు వైపు కూడా ఒక చోట చూడండి. ఆ పక్కనే వేళ్ళ కణుపులతో తట్టుకుంటూ పోండి, డొల్ల చప్పుడు వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి.

ప్లైవుడ్‌కు కూడా ఇలాంటి పరీక్షే. షాపులో మెరైన్ ప్లై అని ఇచ్చారన్నారు, షీటు మీద మెరైన్ ప్లైకి ఉండాల్సిన ఐఎస్ 710 ప్రమాణం ముద్ర ఉందో లేదో రాయలేదు. కోయగా మిగిలిన ముక్కను పాత గిన్నెలో వేసి పూటంతా ఉడకబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ ఉడకబెట్టండి. పొరలు విడిపోతే దాంతో రెండో దోనె చెయ్యకండి, గూట్లో అరలకు వాడుకోండి. ఈ పరీక్షలకు ఒక్క ఆదివారం చాలు, ఖర్చు లేదు. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి. పాలియెస్టర్‌కు వాడే హార్డనర్‌నూ, అది త్వరగా పనిచెయ్యడానికి కలిపే కోబాల్టునూ ఒకదానితో ఒకటి నేరుగా కలిపితే మంట లేస్తుంది, పేలనూ పేలొచ్చు. ఆ రెండు సీసాలూ ఒకే గూట్లో పెట్టి ఉంటే ఈ ఉత్తరం చదవడం ఆపి లేచి వెళ్ళి వేరు చేసి రండి. ఎపాక్సీ వాసన లేదు కదా అని ఉత్త చేతులతో ముట్టుకోవడం కూడా కుదరదు. ఒంటికి పడక దద్దుర్లు మొదలయ్యాయంటే తర్వాత ఎప్పుడు ముట్టుకున్నా వస్తూనే ఉంటాయి. గ్లవ్స్ వేసుకోండి, రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. ఎండాకాలంలో ఒకేసారి మగ్గు నిండా కలిపితే పూసేలోపే వేడెక్కి పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెం కలుపుకుని వెడల్పు పళ్ళెంలో పోసుకోవాలి, అదీ తెల్లారుజామున.

మీ ఆవిడ మాటలకు వస్తాను. ఆవిడ అన్నవి మూడు రాశారు. వాటిలో డబ్బు గురించి అన్నది ఒక్కటే, మీరు జవాబు చెప్పుకున్నది మాత్రం దానికే: “నేను తాగను, పేకాడను, ఈ ఒక్కటే కదా” అని. మిగతా రెండింటి గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యం లేదు. వాసన ఆవిడకు వట్టి తలనొప్పి కాదు, చేతికొచ్చే పని పోతోంది. గుడ్డకు కంపు పట్టిందని ఇద్దరు అంటే మూడో ఆమె ఇంకో టైలర్ దగ్గరికి వెళ్తుంది. మీ తీరిక పని ఆవిడ సంపాదనకు తగులుతోంది. ఆ షెడ్ వేరే చోటికి మారితే ఆ గొడవ ఆ రోజే సగం తగ్గుతుందని నాకనిపిస్తోంది. తమ్ముడు అడిగిందీ అదే.

చీటీ సంగతి దగ్గర మాత్రం అటూ ఇటూ చెప్పడం నాకు చేతకాదు. చెప్పకుండా ఉంటే ఏమవుతుందో మీకూ తెలుసు. ఇంకో ఎనిమిది తొమ్మిది నెలల్లో అమ్మాయి ఈఏపీసెట్ (మనం ఎంసెట్ అనేదే) రాసి కాలేజీలో చేరాలి. ఫీజు, హాస్టల్, చీటీ వాయిదా ఒకే నెలలో మీద పడతాయి. ఆ రోజు బయటపడితే అది పడవ ఖర్చుగా బయటపడదు, కూతురి చదువుకు అడ్డమొచ్చిన అప్పుగా బయటపడుతుంది. చీటీ కట్టించుకునేవాళ్ళు ఊళ్ళోవాళ్ళే కాబట్టి అంతకుముందే బజార్లో ఎవరో ఒకరు ఆవిడను పలకరించే అవకాశమూ ఉంది. ఇప్పుడు చెబితే కోప్పడతారు. కొన్ని నెలలు షెడ్‌కు తాళం పడొచ్చు, పడవ మాట ఎత్తితే ఆవిడ అక్కణ్ణుంచి లేచి పక్క గదిలోకి వెళ్ళిపోవచ్చు. అది భరించగలిగిన నష్టం. చెప్పేటప్పుడు లక్షా ఎనభై వేల తేడా మొత్తం ఒకేసారి చెప్పండి, విడతలుగా కాదు. పక్కనే ఒక కాగితం పెట్టుకోండి, నెలకు ఎంత కడుతున్నారు, ఎప్పటికి తీరుతుంది, అమ్మాయి ఫీజుకు ఏది పక్కన పెట్టారు అని. ఆ కాగితం మీద పడవ మాట రాయకండి. క్షమించమని అడుగుతూనే ఇంకో యాభై వేలకు ఎసరు పెట్టినట్టు ఉంటుంది.

మీ నాలుగు పేజీల్లో నాకు ఎక్కడా కనబడనిది సముద్రం. ప్లైవుడ్ మందం రాశారు, రెండు షీట్ల అంచులను ఏటవాలుగా చెక్కి అతికే స్కార్ఫ్ జాయింట్‌కు ఎనిమిదింటికి ఒకటి వాలు ఎలా చెక్కారో ముచ్చటగా రాశారు, అది చదువుతుంటే మీ చేతిపని మీద గౌరవం కలిగింది. కానీ మీరు ఎప్పుడైనా తెరచాప పడవ ఎక్కారా? ఎక్కి ఉంటే రాసేవారు. ఇదే నమూనాలో ఒకాయన 1990లలో ప్రపంచం చుట్టి వచ్చాడని గుర్తుచేశారు. వాస్తవమే. ఆ పడవ అంత దూరం పోగలదని దాంతో తెలుస్తుంది. తుమ్మలపెంట ఒడ్డున విరిగే అలలు దాటి మీరు బయటికి పోగలరో లేదో తెలియదు. మన తీరంలో చాలా చోట్ల పడవను దించాల్సింది నేరుగా అలల్లోకే. అక్కడ మత్స్యకారులు అల లెక్క చూసి, సందు దొరకగానే తోస్తారు, అది ఏ ప్లాను కాగితంలోనూ ఉండదు. అమ్మ “చేపలోళ్ళ పని” అన్నారు కదా, ఆ చేపలోళ్ళే రేపు మీకు గురువులు.

జంట దోనెల పడవకు ఇంకో గుణం ఉంది. వెడల్పు వల్ల అంత తేలిగ్గా ఒరగదు, అందుకే కొత్తవాళ్ళకు ధైర్యంగా ఉంటుంది. ఒకే దోనె ఉన్న పెద్ద పడవ అయితే ఒరిగినా అడుగున ఉన్న బరువు మళ్ళీ లేపుతుంది. ఇది గాలికి తిరగబడిందంటే తిరగబడే ఉంటుంది. సరిగ్గా కడితే మునగదు, పట్టుకుని వేలాడొచ్చు, అంతే. గాలి పెరుగుతుంటే తెరచాప ఎప్పుడు దించాలో ముందే తెలిసి ఉండాలి, అది చేత్తో నేర్చుకునేది. చెన్నైలో 1911 నుంచి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉంది, హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ క్లబ్బులు ఉన్నాయి. కొత్తవాళ్ళకు నేర్పే తరగతుల గురించి ఫోన్ చేసి కనుక్కోండి. ఒక వారం సెలవు పెట్టి నేర్చుకునే ఖర్చు రెండో దోనె ఖర్చు ముందు ఎంత? నీళ్ళ మీద రెండు రోజులు గడిపాక మీకు అది పడలేదనుకోండి, ఎంతో మిగిలినట్టే. పడిందనుకోండి, తిరిగొచ్చి దోనె చూసే కళ్ళే మారతాయి. మీ ఆవిడను కూడా తీసుకెళ్ళమని నేను చెప్పను. ఆవిడ అడిగితే తీసుకెళ్ళండి.

పడవ దించే ముందు అడగాల్సినవాళ్ళు కూడా ఉన్నారు. 2008 ముంబై దాడి సముద్రం మీదుగా జరిగాక తీరంలో నిఘా బాగా పెరిగింది. చేపల పడవలకు ఐఎన్‌డీ ఏపీతో మొదలయ్యే నంబర్లు చూసే ఉంటారు. నంబరు లేని కొత్త రకం పడవ కనబడితే ఆపుతారు, ఆపాలి కూడా. మత్స్యశాఖ ఆఫీసులో, మెరైన్ పోలీస్ స్టేషన్‌లో ప్లాను కాగితాలు చూపించి, సొంత వినోదానికి కట్టుకున్న పడవకు ఎవరి దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలో రాతపూర్వకంగా అడగండి. జువ్వలదిన్నె హార్బరు చేపల పడవల కోసం కట్టింది, అక్కడ చోటిస్తారని ముందే లెక్క వేసుకోకండి. దక్షిణాన పులికాట్ పక్షుల రక్షిత ప్రాంతం, అటవీ శాఖ అనుమతి కావాలి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఆ సముద్రంలోకే వెళ్ళనివ్వరు.

ఇవన్నీ చూశాక మీ ముందు ఏమేం దారులున్నాయి? దోనె ఉలి పరీక్షలో నెగ్గి, ఇంట్లో విషయం చెప్పాక కూడా ఆవిడ “సరే, చూద్దాం” అన్నారనుకుందాం. అప్పుడు దోనెనూ ప్లైవుడ్‌నూ వేరే చోటికి చేర్చి పని సాగించవచ్చు. రొయ్యల చెరువుల దగ్గర ఖాళీగా పడి ఉన్న రేకుల షెడ్లు మన వైపు తక్కువేం కాదు, తెలిసినవాళ్ళ ద్వారా అడిగితే తక్కువ అద్దెకు దొరకొచ్చు. లాభం ఏమిటంటే ఇంట్లో వాసన ఉండదు, తమ్ముడితో పేచీ ఉండదు. నష్టం కూడా ఉంది. అరగంట దొరికితే వెళ్ళి రుద్దుకొచ్చే వీలు పోతుంది, అద్దె నెలనెలా ఉంటుంది, రాత్రి కాపలా ఉండదు. రెండు దోనెలూ అయిపోయినంత మాత్రాన పడవ అయిపోదు కూడా. దూలాలు, మధ్య అరుగు, రెండు చుక్కానులు, తెరచాప కొయ్య, తెరచాప, తాళ్ళు, రంగులు అన్నీ ఇంకా కొనాల్సినవే. చీటీ తీరేదాకా నెలకు ఇంతకు మించి పెట్టనని ఇద్దరూ కలిసి ఒక అంకె అనుకోండి, నెలలో ఏ ఆదివారాలు మీవో ఏవి ఇంటివో కూడా అనుకోండి. ఆ అంకెతో పడవ మూడేళ్ళు పట్టినా పట్టనీయండి.

లేదంటే చీటీ తీరేదాకా, అమ్మాయి కాలేజీలో కుదురుకునేదాకా ఏమీ చెయ్యకుండా దోనెను దాచిపెట్టవచ్చు. దీనివల్ల ఇంట్లో ఊపిరి తిరుగుతుంది. కానీ దాచిన దోనె దానంతటది బాగుండదు. నేలకు ఆనితే చెదలు పడతాయి, ఎండ తగిలితే రెజిన్ పాడవుతుంది, రంగు లేని ఎపాక్సీ అయితే మరీ త్వరగా. రెండు పూతల రంగు వేసి, బోర్లా తిప్పి, ఇటుకల మీద ఎత్తి, గాలి ఆడేలా కప్పి ఉంచాలి. మూడు నెలలకోసారి వెళ్ళి చూడాలి. ఇంకో చిక్కు మనిషిది, పధ్నాలుగు నెలలు ఆపిన పనిని మళ్ళీ అందుకునేవాళ్ళు తక్కువ. మీరు ఎలాంటివారో మీకే తెలియాలి.

నాకు ఎక్కువ ముచ్చటగా తోచిన దారి ఇంకొకటి ఉంది. తెచ్చి పెట్టుకున్న ప్లైవుడ్ ఉడకబెట్టే పరీక్షలో నిలిస్తే, దాంతో పన్నెండు, పద్నాలుగు అడుగుల చిన్న తెరచాప పడవ ఒకటి కట్టుకోవడం. దానికి సరైన ప్లాను వేరే తీసుకోవాలి, ఉన్న దోనెనే కోసి ఏదో చెయ్యాలని చూడకండి. ఆ సన్నటి దోనె ఒంటరిగా నీళ్ళ మీద నిలబడేలా గీసింది కాదు. చిన్న పడవ మూడు నాలుగు నెలల్లో అవుతుంది, మినీ ట్రక్కులో ఎక్కుతుంది, ఏరు సముద్రంలో కలిసే మొగల వెనక ఉప్పుటేట్లో దింపొచ్చు. సంక్రాంతి తర్వాత, వాయుగుండాల కాలం అయిపోయాక, మార్చి దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉండే రోజులు, నేర్చుకోవడానికి అనువైనవి. పెద్ద పడవ ఏడాది వెనక్కి పోతుంది, అది నిజం. ఈలోగా మీ చేత్తో కట్టింది ఒకటి తడుస్తుంది. మీ అమ్మాయికి ఈత వస్తే ఆమె కూడా ఎక్కొచ్చు, ఆ పెరట్లో పడవకు మొదట్లో కొలతల టేపు పట్టుకున్నది ఆమేనని మీరే రాశారు.

ఆపెయ్యడం కూడా ఒక దారే, అందులో చిన్నతనం ఏమీ లేదు. సగం కట్టిన పడవకు ధర రాదు, పెట్టిన డబ్బు వస్తుందన్న ఆశ వదులుకోవాలి. ప్లాన్లు సాధారణంగా ఒక్క పడవకే ఇస్తారు కాబట్టి దోనెతో పాటు వాటిని ఇంకెవరికైనా ఇవ్వొచ్చా అని అమ్మినవాళ్ళను అడిగి ఇవ్వండి. ఉలికి మ్యాట్ నున్నగా ఊడి వచ్చి, ఉడికిన ముక్క పొరలు విడిపోతే మాత్రం ఆపడమో, ఆ దోనెను పని నేర్పిన దోనెగా లెక్కేసి కొత్తగా మొదలెట్టడమో, ఈ రెండే మిగులుతాయి. తొడుగంతా ఊడదీసి ఎపాక్సీతో మళ్ళీ వేసుకోవచ్చు కానీ చెక్క బాగుంటేనే, అది కూడా నెలల పని. పాడైన దోనెకు జోడు కట్టడం దండగ.

ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న రాశారు: తెరచాపకు టార్పాలిన్ వాడొచ్చా, కొయ్యకు సరుగుడు వాడొచ్చా అని. ఉప్పుటేట్లో, పల్చటి గాలిలో, చిన్న పడవకు టార్పాలిన్ పనికొస్తుంది. గాలికి సాగుతుంది, తాడు దూర్చే కంతలు కుట్టిన చోట చిరుగుతుంది, అందుకని అంచు మడిచి లోపల తాడు పెట్టి కుట్టించుకోవాలి. కుట్టే మనిషి ఇంట్లోనే ఉన్నారు గానీ, చీటీ సంగతి చెప్పాక కొన్నాళ్ళు ఆగి అడగండి. సరుగుడు గట్టిది కానీ బరువెక్కువ, ఎండకు నిలువునా పగుళ్ళిస్తుంది. చిన్న పడవకు సన్నటి కట్టె తొక్క తీసి, నీడలో ఆరబెట్టి, నూనె పట్టించి వాడుకోవచ్చు. ఇరవైయొక్క అడుగుల పడవకైతే ప్లాన్లో కొయ్యకు ఏం రాసి ఉందో అదే వాడండి. జంట దోనెల పడవ ఒరిగి గాలిని వదిలెయ్యదు, ఆ బలమంతా కొయ్య మీదా తాళ్ళ మీదా పడుతుంది.